సొంత ఊరిని ఫోటో తీయడం: హైదరాబాద్ కట్టడాలు, నిత్య జీవనం

తాము పుట్టిన లేదా స్థిరపడిన నగరంలోని కట్టడాలను, వీధులను, బజార్లను, వాటి మధ్య సాగే రోజువారీ బతుకును ఏళ్ల తరబడి ఫోటోల్లో నమోదు చేయడం ఫోటోగ్రఫీలో ఒక ప్రత్యేక శాఖ. దీనికీ పర్యాటకుల ఫోటోలకూ తేడా అంతా కాలంలోనే ఉంది. పర్యాటకుడికి చార్మినార్ ఒక పూట పని. ఊరివాడు దాని పక్క నుంచే బడికి వెళ్లాడు, పెళ్లి బట్టలకు వెళ్లాడు, ఆసుపత్రికి వెళ్లాడు. ఏ దుకాణం ఎప్పుడు మూతపడిందో, ఏ గోడ మీద సున్నం ఎప్పుడు ఊడిందో అతనికి తెలుసు. మళ్లీ మళ్లీ అదే చోటికి వెళ్లగలగడమే అతని అసలు బలం. ఈ వ్యాసం ఆ పనిని హైదరాబాద్ ఆధారంగా పరిచయం చేస్తుంది. నూట అరవై ఏళ్లకు పైగా ఫోటోల చరిత్ర ఉన్న ఈ నగరంలో రాజభవనాల చిత్రాలు దండిగా మిగిలాయి. గల్లీల చిత్రాలు, వాటిలో బతికిన మనుషుల చిత్రాలు మాత్రం తక్కువే. ఆ వెలితి ఇవాళ్టికీ పూర్తిగా తీరలేదు.

గాజు పలకల కాలం

కూల్చబోయే వీధులను ముందే ఫోటో తీసి ఉంచాలన్న ఆలోచన 19వ శతాబ్దంలో ఐరోపాలో బలపడింది. పారిస్‌లోనే పుట్టిన షార్ల్ మార్విల్‌ను ఆ నగర పాలకులు 1862లో అధికారిక ఫోటోగ్రాఫర్‌గా పెట్టుకున్నారు. వెడల్పు రోడ్ల కోసం పడగొట్టబోయే ఇరుకు సందులను ఆయన 400కు పైగా ఫోటోల్లో పట్టాడు. గ్లాస్గోలో థామస్ అన్నన్ 1868-71 మధ్య పేదల సందులను తీశాడు. మన దేశంలో లక్నో ఇంజనీరు దరోగా అబ్బాస్ అలీ 1874లో 50 ఫోటోలతో ‘లక్నో ఆల్బమ్’ వెలువరించాడు. 1857 తిరుగుబాటు జరిగిన స్థలాలకు అందులో ప్రముఖ స్థానం ఉంది.

హైదరాబాద్ తొలి ఫోటోలు కంటోన్మెంటు వైపు నుంచి వచ్చాయి. మద్రాసు ఆర్టిలరీలో పనిచేసిన కెప్టెన్ అలన్ స్కాట్ హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో తీసిన జంట ఫోటోలు 1862లో లండన్‌లో పుస్తకంగా అచ్చయ్యాయి. కుడి కంటికొకటి, ఎడమ కంటికొకటి చొప్పున పక్కపక్కనే ఉండే ఈ ఫోటోలను ప్రత్యేకమైన అద్దాల పెట్టెలో పెట్టి చూస్తే దృశ్యం లోతుగా కనిపించేది. ఆనాటి నగరం ఎలా ఉండేదో చెప్పే ఆధారాలుగా అవి విలువైనవే. అయితే ఆ చూపు బయటి నుంచి వచ్చిన సైనికాధికారిది.

నగరంలో స్టూడియో పెట్టి, కుటుంబంతో ఉండి, తరాల పాటు పని సాగించినవారిలో ముందు చెప్పుకోవలసింది లాలా దీన్‌దయాళ్‌ను. ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టాడు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, ఇండోర్‌లో ప్రభుత్వ పనుల శాఖలో నక్షాలు గీసే ఉద్యోగిగా చేరాడు. 1874 ప్రాంతంలో కెమెరా పట్టాడు. 1880ల మధ్యలో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరై, 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచాడు. 1894లో నిజాం ఆయనకు రాజా బిరుదుతో పాటు ‘ముసవ్విర్ జంగ్’ అన్న గౌరవం ఇచ్చాడు. ఆయన 1905లో కన్నుమూశాడు.

దీన్‌దయాళ్ కట్టడాల ఫోటోల్లో నక్షాలు గీసినవాడి చేయి స్పష్టంగా కనిపిస్తుంది. నిలువు గీత నిలువుగానే ఉంటుంది, కమాను సరిగ్గా మధ్యకు వస్తుంది, నీడ ఎక్కడ పడాలో అక్కడే పడుతుంది. కానీ ఆ వీధులు చాలాచోట్ల ఖాళీగా కనిపిస్తాయి. దానికి కొంత కారణం యంత్రమే. తొలి రోజుల్లో గాజు పలక మీద కొలోడియన్ పూసి, వెండి లవణంలో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి కడగాల్సి వచ్చేది. చీకటి గదిగా వాడే గుడారాన్ని వెంట తీసుకెళ్లక తప్పేది కాదు. లెన్స్ మూత కొన్ని సెకన్ల పాటు తీసి ఉంచితే గోడ నిలిచేది, నడిచే మనిషి పొగలా చెదిరిపోయేవాడు, లేదంటే అసలు పడేవాడే కాడు. 1880ల నాటికి ముందే తయారుచేసిన పొడి పలకలు మార్కెట్లోకి వచ్చి ఆ ఇబ్బంది తగ్గింది. మిగిలిన కారణం డబ్బుది. ఫోటోలకు డబ్బిచ్చినవారు నవాబులు, బ్రిటిష్ అధికారులు. వారికి కావలసినవి దర్బారు, వేట, విందు, కొత్త భవనం. బండివాడి ఫోటోకు డబ్బిచ్చేవారు లేరు.

అయినా ఆ స్టూడియో పనిలో ఒక అరుదైన మలుపు ఉంది. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. నగరంలో సగం మంది స్త్రీలు. వారి ముఖాలు ఫోటో చరిత్రలోకి రావాలంటే కెమెరా వెనక కూడా స్త్రీ ఉండాలని అప్పుడే గుర్తించారు. దేవిడీల లోపలి గదులు, వంటిళ్లు, మిద్దె మీది మధ్యాహ్నాలు నేటికీ మహిళా ఫోటోగ్రాఫర్ల ద్వారానే ఎక్కువగా బయటికి వస్తున్నాయి. దీన్‌దయాళ్ కుటుంబం దగ్గర మిగిలిన గాజు నెగటివ్‌లలో 2,857ను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో సేకరించింది.

వరద తర్వాతి నగరం

1908 సెప్టెంబరు 28న మూసీ నది నగరం మీద విరుచుకుపడింది. వేలమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ వైపు ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. హైదరాబాద్‌లో ఫోటో తీయదగిన వాటి జాబితా రాస్తే చార్మినార్ పక్కనే ఈ చెట్టును పెట్టాలి. వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి రోడ్లు వెడల్పు చేసింది, కొత్త ఇళ్ల సముదాయాలు వేసింది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ, కాచిగూడ రైల్వే స్టేషన్‌ల రూపకల్పనలో వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ పాత్ర ఉంది. ఇవాళ మూసీ ఒడ్డున ఫోటోకు నిలిచే దృశ్యంలో చాలా భాగం ఆ తర్వాతి పదిహేనేళ్లలో రూపుదిద్దుకున్నదే.

అదే సమయంలో లియోనార్డ్ మన్ పర్యవేక్షణలో 1912-15 మధ్య నగరాన్ని వీధివీధినా కొలిచి పటాలు గీశారు. బావి, మసీదు, గుడి, తోట, గోడ వాటిలో కనిపిస్తాయి. చోటు తెలియని పాత ఫోటో చేతికొస్తే దాన్ని ఈ పటాలతో పక్కపక్కన పెట్టి చూడటం ఊరి చరిత్ర మీద పనిచేసేవారికి మొదటి మెట్టు.

వెలుగు ఏ దిక్కు నుంచి

కట్టడాల ఫోటోకు కెమెరా కన్నా ముందు దిక్కులు తెలియాలి. ఒకదానికొకటి ఎదురుగా మూసీకి చెరో ఒడ్డున నిలిచిన హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి ఇందుకు మంచి పాఠం. ఆసుపత్రి ఉత్తర ఒడ్డున ఉండి దక్షిణం చూస్తుంది. చలికాలంలో పొద్దున్నించి సాయంత్రం దాకా దాని ముఖం మీద ఎండ ఉంటుంది, గుమ్మటాల మీద నునుపైన వెలుగు పడుతుంది. హైకోర్టు దక్షిణ ఒడ్డున ఉండి ఉత్తరం చూస్తుంది. డిసెంబరులో రోజంతా దాని ముఖం నీడలోనే ఉంటుంది. ఎర్ర ఇసుకరాయి రంగు నిండుగా రావాలంటే ఏప్రిల్ నుంచి ఆగస్టు మధ్య పొద్దున్నే గానీ, పొద్దువాలే వేళ గానీ వెళ్లాలి. ఆ నెలల్లో సూర్యుడు తూర్పుకు కాస్త ఉత్తరంగా ఉదయించి, పడమరకు కాస్త ఉత్తరంగా అస్తమిస్తాడు. ఏటవాలు కిరణం చెక్కడాల మీద పాకి ప్రతి అంచునూ విడదీసి చూపిస్తుంది. వానాకాలపు మబ్బు కూడా హైకోర్టుకు బాగా నప్పుతుంది.

చార్మినార్ నాలుగు కమానులు నాలుగు దిక్కులకూ తెరుచుకుంటాయి. గుల్జార్ హౌజ్ వైపు నుంచి అందరూ తీసేది ఉత్తర ముఖం. ఏడాదిలో సగం కాలం అది నీడలోనే ఉండటం వల్ల ఆకాశం తెల్లబడి, కట్టడం నల్లబడిన ఫోటోలు లెక్కలేనన్ని పుట్టాయి. ఊరివాడికి తొందర లేదు కనుక మే, జూన్ పొద్దుటి కోసం ఆగగలడు. లేదంటే సూర్యాస్తమయం తర్వాత, ఆకాశంలో నీలం ఇంకా మిగిలి ఉండగానే బజారు దీపాలు వెలిగే ఆ కొద్ది నిమిషాల్లో తీస్తాడు. అప్పుడు ఆకాశం వెలుగు, గోడ మీది వెలుగు దాదాపు సమానమవుతాయి.

ఎత్తైన కట్టడానికి ఇంకో చిక్కు ఉంది. కింద నుంచి కెమెరాను పైకి వంచితే మినార్లు ఒకదాని మీదికి ఒకటి వాలినట్టు పడతాయి. పాత కాలపు పెద్ద కెమెరాల్లో లెన్స్ బిగించిన పలకనే పైకి జరిపి దీన్ని సరిచేసేవారు. ఇప్పుడు ఆ పనికి షిఫ్ట్ లెన్సులున్నాయి, ఫోటో దిద్దే సాఫ్ట్‌వేర్ ఉంది. అన్నిటికన్నా చవకైన దారి వెనక్కి నడవడం, లేదా ఎదుటి మేడ ఎక్కడం. చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టీ బజారులో పై అంతస్తులో ఎవరైనా తెలిసినవారు ఉండటం ఖరీదైన లెన్స్ కన్నా మేలు. 2017 నవంబరులో మొదలైన మెట్రో రైలు ఇంకో ఎత్తును ఇచ్చింది. సుల్తాన్ బజార్ దగ్గర రెండో అంతస్తుల బాల్కనీలు, ఇనుప కటకటాలు, గోడల మీది పాత అక్షరాలు కిటికీలోంచి సూటిగా కనిపిస్తాయి. నేల మీద నడిచినన్నాళ్లూ అవి బోర్డుల వెనక దాగి ఉన్నాయి.

డంగు సున్నపు పనికి దగ్గరి ఫోటోలు అవసరం. 2019 మేలో చార్మినార్ మినారు మీది సున్నపు అలంకారంలో ఒక ముక్క ఊడి పడింది. మరమ్మతు చేసేవారికి అలాంటప్పుడు కావలసింది ఆ పువ్వు, ఆ ఆకు, ఆ అంచు మొదట ఎలా ఉండేవో చూపే ఫోటో. అందమైన దూరపు దృశ్యాలు వేలు దొరుకుతాయి. పక్క వెలుగులో స్పష్టంగా తీసిన అలంకారపు ఫోటోలు దొరకడమే కష్టం. ఓపికున్న స్థానికులు చేయదగిన పని ఇది.

బజారు, ఇల్లు, పని

హైదరాబాద్ నిత్య జీవనం పేరుతో వచ్చే ఫోటోల్లో ఎక్కువ భాగం పండుగలవే. రంజాన్ రాత్రులు, లాల్‌దర్వాజా బోనాలు, బీబీకా ఆలం ఊరేగింపు, హుస్సేన్‌సాగర్ నిమజ్జనం ఏటా వేల కెమెరాలకు ఎక్కుతాయి. అవి తీయాల్సినవే. కానీ నగరం ఏడాదిలో ఎక్కువ రోజులు పండుగ లేకుండానే గడుపుతుంది. తెల్లవారుజామున కూలీల అడ్డాలో నిలబడ్డ మేస్త్రీలు, మోండా మార్కెట్‌లో కూరగాయల మూటలు దించే హమాలీలు, పాత సామాన్లు పరుచుకున్న జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వరుసలు, పురానాపూల్ మీద కూరగాయల గంపలు: ఇవి మామూలు రోజుల హైదరాబాద్. పురానాపూల్ 1578లో కట్టిన వంతెన, అంటే నగరం కన్నా పాతది. దాని కమానులను మాత్రమే తీసి, పైన బేరమాడే ఆడవాళ్లను వదిలేస్తే కట్టడం సగమే ఫోటోలోకి వచ్చినట్టు.

ఇరానీ హోటళ్లు కెమెరాకు అనువైన చోట్లు. చాలావరకు వీధి మూలల్లో ఉండి, రెండు వైపులా తెరుచుకుంటాయి కనుక వెలుగు రెండు దిక్కుల నుంచి వస్తుంది. పాలరాయి బల్ల ఆ వెలుగును కింది నుంచి ముఖాల మీదికి తిప్పికొడుతుంది. గుమ్మం పక్కన గల్లాపెట్టె, గాజు సీసాల్లో ఉస్మానియా బిస్కెట్లు, సాసరులో పోసుకుని చాయ్ తాగే పెద్దాయన. ఫ్లాష్ వాడితే ఇదంతా పోతుంది. ఇలాంటి హోటళ్లు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి కాబట్టి లోపలి అమరికను, గోడ అద్దాలను, కుర్చీలను వివరంగా తీసి పెట్టుకోవడం అత్యవసరం.

లాడ్ బజార్ లక్క గాజుల దగ్గర కెమెరా ఇంకాస్త ఆగాలి. దుకాణంలో కనిపించేది బల్బుల కింద మెరిసే వరుసలు. గాజు తయారయ్యేది వేరే చోట, పాతబస్తీ ఇళ్లలో, చిన్న గదుల్లో. బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరిచి, రంగు కలిపి, పొడవాటి కడ్డీలా సాగదీస్తారు. కొలతకు తెంపి, చుట్టి, రెండు కొసలు అతికిస్తారు. వేడి ఆరేలోపు అద్దపు రాళ్లు ఒక్కొక్కటే దానిలో పొదగాలి. వేళ్ల చివర్లు కాలి గట్టిపడి ఉంటాయి. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అదే పాతబస్తీలోని గాజుల కార్ఖానాల నుంచి 2015 జనవరిలో రెండు వందలకు పైగా పిల్లలను పోలీసులు విడిపించారు. దుకాణం మెరుపును మాత్రమే తీసిన ఫోటోకు ఈ రెండో సంగతి తెలియదు. గాజులను తీసే ఫోటోగ్రాఫర్ దుకాణం నుంచి కార్ఖానా దాకా వెళ్లాలి, అక్కడివారితో కూర్చోవాలి, అడిగి తీయాలి, తీసినవి ప్రింటు వేయించి తిరిగి ఇవ్వాలి. అదే గల్లీకి మరుసటి నెల మళ్లీ వెళ్లాల్సినవాడికి ఇది తప్పనిసరి మర్యాద.

తెలంగాణ బతుకును ఇలా దగ్గర నుంచి చూసినవారిలో వరంగల్‌కు చెందిన గుడిమల్ల భరత్ భూషణ్ పేరు నిలిచింది. బతుకమ్మను, ఇళ్ల గోడలను, తలుపులను, పల్లె మనుషులను దశాబ్దాల పాటు తీసిన ఆయన 2022లో కన్నుమూశారు.

అదే చోటు, అదే కోణం

పాత ఫోటో తీసిన చోటనే నిలబడి, అదే కోణంలో, వీలైతే అదే నెలలో, అదే వేళకు మళ్లీ తీసి రెంటినీ పక్కపక్కన పెట్టడం ఊరివారికి బాగా కలిసొచ్చే పద్ధతి. నీడ పొడవు చూసి పాత ఫోటో ఏ వేళకు తీశారో లెక్కగట్టవచ్చు. తేదీ లేని ఫోటోను కాలంలో నిలబెట్టడానికీ ఆనవాళ్లున్నాయి. చార్మినార్ గడియారాలు 1889లో వచ్చాయి. అవి లేని ఫోటో అంతకు ముందుదే. మోజంజాహీ మార్కెట్ 1935 నాటిది. డబుల్ డెక్కర్ సిటీ బస్సులు 2000ల మొదట్లో రోడ్ల మీద నుంచి తప్పుకుని, 2023లో కరెంటు బస్సులుగా తిరిగి కనిపించాయి. దుకాణాల బోర్డుల మీద ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్ అక్షరాల పాళ్లు మారిన తీరు కూడా ఒక గడియారమే.

మళ్లీ తీయడానికి వీల్లేకుండా పోయినవి చాలా ఉన్నాయి. 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్ చివరికి పాత సచివాలయంలో జి బ్లాక్‌గా మిగిలి, 2020 జులైలో మిగతా బ్లాకులతో పాటు నేలమట్టమైంది. అక్కడ కొత్త సచివాలయం 2023లో తెరుచుకుంది. ఇర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్‌ది వేరే కథ. దాన్ని కూల్చి శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని 2020 జులైలో వార్డుల్లోకి నీళ్లు వచ్చాక ఖాళీ చేయించారు. బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన మెట్లబావిని తవ్వి, బాగుచేసి 2022లో తెరిచారు. తవ్వకానికి ముందు, మధ్యలో, తర్వాత తీసిన ఫోటోలు వరుసగా చూస్తే ఒక్క చివరి ఫోటో చెప్పలేనిదంతా తెలుస్తుంది. నగరపు రాళ్ల గుట్టలకూ ఇదే వర్తిస్తుంది. దాదాపు 250 కోట్ల ఏళ్ల గ్రానైట్‌ను ఇళ్ల కోసం పగలగొడుతుంటే వాటిని కాపాడాలని 1996లో ఒక సంఘం పుట్టింది. బంజారాహిల్స్‌లో ఒకప్పుడు ఏ బండ ఎక్కడ ఉండేదో చెప్పేవి ఇప్పుడు ఇళ్ల ఆల్బముల్లోని పిక్నిక్ ఫోటోలే.

ఫోటో ఎంత బాగున్నా వివరం రాయకపోతే ఇరవై ఏళ్లకు మూగబోతుంది. ‘పాతబస్తీ, హైదరాబాద్’ అని రాస్తే చాలదు. గల్లీ పేరు, ఎటు తిరిగి తీసింది, తేదీ, కట్టడాన్ని అక్కడివారు పిలిచే పేరు, అప్పుడు అందులో ఏం నడుస్తోందో రాసిపెట్టాలి. ఈ వివరాలు ఫోటో ఫైలులోనే చేర్చే వీలుంది. ఫైలును కనీసం మూడు చోట్ల దాచడం, అందులో ఒకటి ఇంటికి దూరంగా ఉంచడం మంచి అలవాటు. వికీమీడియా కామన్స్‌లో ఉచిత అనుమతితో పెట్టినవి తెలుగు వికీపీడియా వ్యాసాల్లోకీ చేరతాయి. కట్టడాల ఫోటోల కోసం అక్కడ జరిగే పోటీలో భారత్ 2012లో తొలిసారి పాల్గొంది.

చట్టం, అనుమతులు

1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం కట్టడాన్ని ఫోటో తీయడం, ప్రచురించడం కాపీరైట్ ఉల్లంఘన కాదు. ఫోటోకు ప్రచురణ తర్వాత 60 ఏళ్ల రక్షణ ఉంటుంది. చార్మినార్, గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖ కిందివి. అక్కడ చేతి కెమెరాకు ఇబ్బంది లేదు, ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి కావాలి. డ్రోన్లకు 2021 నాటి నియమాలు వర్తిస్తాయి.

ఇప్పుడు మారుతున్న చోట్లు

నగరం ఈ ఏళ్లలో రెండు చోట్ల వేగంగా మారుతోంది. మొదటిది మూసీ తీరం. 2024 శరదృతువులో అధికారులు నదీగర్భంలోని ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాశారు. చాదర్‌ఘాట్ పరిసరాల్లో కొన్ని ఇళ్లు కూల్చారు, కుటుంబాలను డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు తరలించారు. రెండోది మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా వేయబోయే ఏడున్నర కిలోమీటర్ల పాతబస్తీ మెట్రో మార్గం. దారుల్‌షిఫా, శాలిబండ మీదుగా రోడ్డు వెడల్పు కోసం 2025 మొదట్లో కట్టడాల తొలగింపు మొదలైంది. ఈ రెండు చోట్లా పని వరుసగా సాగాలి: ముందు ప్రతి ఇంటి ముఖం నేరుగా, వరుస తప్పకుండా; తర్వాత లోపలి గది, మెట్లు, పెరడు; ఆ తర్వాత అక్కడ బతికినవారు తమ గుమ్మంలో నిలబడి, వారి అనుమతితో. దుకాణమైతే బోర్డు, తలుపు, గల్లా, వెనక గోడౌను. అద్దెకున్న దర్జీ ఎక్కడికి మారాడో, మారాక కొత్త చోట మిషను ఏ వైపు పెట్టుకున్నాడో తెలుసుకుని, ఆ ఫోటోను పాత ఫోటోతో కలిపి ఒకే సంఖ్య కింద భద్రపరచాలి.